దప్పిగొన్న దేవుడు

పల్నాడులో శ్రమకాలమూ మిరప కోతలూ ఒకే నెలల్లో వస్తాయి. పొద్దుగూకేదాకా కాయలు కోసొచ్చిన ఆడవాళ్లు నాలుగు చెంబులు పోసుకుని, చేతులకు నూనె రాసుకుని గుడికి వస్తారు. ఎన్నిసార్లు కడిగినా ఆ చేతుల మంట పోదు. ఆ చేతులే జోడించి ప్రార్థన చేస్తారు. పిడుగురాళ్ల సున్నం బట్టీల కాడ పనిచేసేవాళ్లూ వస్తారు. వాళ్లకు మంట చేతుల్లోనే కాదు, కళ్లల్లో, గొంతులో కూడా ఉంటది.

ఇంత కష్టంలో ఉన్న జనం గుడికి పోయి ఏం తెచ్చుకుంటున్నారు? ఈ ప్రశ్న మన ఉద్యమంలో ఏనాటి నుంచో ఉంది. కొందరు మిత్రులు తేలిగ్గా జవాబు చెప్తారు: అదంతా మత్తుమందు. అయ్యగార్లలో కొందరు ఇంకా తేలిగ్గా చెప్తారు: ఓర్చుకోండి, పరలోకంలో అన్నీ ఉన్నాయి. ఈ రెండు జవాబులూ మన తల్లుల్ని తక్కువ చేసేవే. మొదటివాళ్లు ఆమెకు తెలివి లేదంటున్నారు. రెండోవాళ్లు ఆమెకు కోపం ఉండకూడదంటున్నారు.

ఒప్పుకోవాల్సిన మాట ఒకటుంది. మేమూ ఒకప్పుడు నవ్వినవాళ్లమే. మా పల్లెలో డిగ్రీ పాసయిన మొదటి వాళ్లం. నాలుగు పుస్తకాలు చదివొచ్చి, తెల్లారుజామున మోకాళ్ల మీద ఉన్న అమ్మను చూసి "ఎవరు వింటన్నారని చెప్తన్నావు?" అని అడిగాం. ఆమె లేచి పొయ్యి రాజేసుకుంటా, "వినేవాడు వింటాడు లేరా. ముందు నేను వినాలిగా, నేనూ మనిషినేనని" అంది. ఆ మాట అర్థం కావడానికి మాకు ఇరవై ఏళ్లు పట్టింది.

మంచి శుక్రవారం మధ్యాహ్నం మన గుళ్లల్లో ఏడు మాటల ఆరాధన జరుగుతుంది. సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల మీద మూడు గంటలు ప్రసంగాలు చెప్తారు. వాటిలో నాలుగో మాట ప్రశ్న. నన్నెందుకు వదిలేశావని తండ్రినే అడిగాడు. అయిదో మాట దాహం. ఓర్చుకోమని చెప్పే అయ్యగార్లు ఈ రెండు మాటల దగ్గర కాసేపు ఆగాలి. దేవుని కుమారుడని మనం నమ్మేవాడే ఓర్చుకుని ఊరుకోలేదు. నిలదీసి అడిగాడు, నీళ్లు కావాలన్నాడు. అడగడం అవిశ్వాసమైతే మంచి శుక్రవారమే లేదు.

దాహం సంగతి మన జనానికి ఎవరూ చెప్పక్కర్లేదు. సాగర్ కాలవలో నీళ్లు వదిలింది 1967లో. అంతకుముందు పల్నాడు మెట్టసీమ. ఊరి బావి కాడ కుండ దించి, ఎవరన్నా వచ్చి చేదిపోస్తారేమోనని పొద్దెక్కేదాకా ఎదురుచూసిన ముసలమ్మలు మన పల్లెల్లో ఉండేవాళ్లు. పోసేవాడికి కుండ తగలకూడదు, నీడ పడకూడదు. అట్టాంటి మనుషులకు, నీళ్లు అడిగి చేదు అందుకున్న దేవుడి కథ ఎవరో చెప్పారు. వాళ్లు ఆ కథను పరాయిదని అనుకోలేదు. ఇదేదో మన ఇంట్లో జరిగిందే అనుకున్నారు.

ఎవరు చెప్పారు? గుంటూరుకు 1842లో హెయ్యరు దొర వచ్చాడు. 1849లో పల్నాడులోకి, గురజాలకు వచ్చి పనిచేశాడు. ఆ మాట నిజమే. కానీ కథను పల్లెపల్లెకు మోసింది దొరలు మాత్రమే కాదు. ఒంగోలు వైపు యెర్రగుంట్ల పేరయ్యను గుర్తుచేసుకోండి. తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ. 1866లో ఆయనా భార్య నాగమ్మా బాప్తిస్మం పొంది, కాలినడకన తిరిగి తన జనానికి తనే చెప్పాడు. చదువు లేనివాడు చదువు లేనివాళ్లకు చెప్పిన కథ అది.

"పాలపొడికీ గోధుమపిండికీ మతం మారినోళ్లు" అని మనల్ని వెక్కిరించేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. వాళ్లు ధాత కరువు సంగతి తెలుసుకోవాలి. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని ఊడ్చిపెట్టిన కరువు అది. ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కంట్రాక్టు తీసుకుని, ఆకలితో చస్తున్న జనానికి కూలీ ఇప్పించాడు. కూలి పంచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. ఆ సాయం అయిపోయాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. పెట్టేటప్పుడు కాదు, పెట్టడం ఆగిపోయాక వచ్చారు. అంటే వాళ్లు వచ్చింది కూటి కోసం కాదు.

మరి దేనికోసం? వాళ్లు పాటించిన నియమాలు చూడండి. ఆదివారం పని చెయ్యం. చచ్చిన గొడ్డు మాంసం తినం. విగ్రహాలకు మొక్కం. ఇవి పైకి మతం నియమాలు. లోపల చూస్తే పల్లె మొత్తం ఊరికి చెప్పిన "కాదు" అనే మాట. చచ్చిన గొడ్డును లాగి తిని బతికే పనిని కాదన్నారు. రోజూ, రాత్రీ పగలూ దొరకు కట్టుబడి ఉండటాన్ని కాదన్నారు. వారానికో రోజు మా ఒళ్లు మాది అన్నారు. సమ్మె అనే మాట పల్లెకు తెలియని కాలంలో మన ముత్తాతలు చేసిన సమ్మె అది. ఆశ అంటే వాళ్లకు ఆకాశం మీది సంగతి కాదు. రేపటి ఆదివారం సంగతి.

మా ఇలాకా వాడే జాషువా. 1895లో వినుకొండలో పుట్టాడు. క్రైస్తవుడు, బడిపంతులు, మహాకవి. 1941లో 'గబ్బిలం' రాశాడు. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో తలకిందులుగా వేలాడే గబ్బిలంతో కాశీలోని శివుడికి తన బాధ చెప్పి పంపుతాడు. ఆ జాషువాయే 'క్రీస్తు చరిత్ర' రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నాడు. ఆయన గొంతులో దేవుడికి ఫిర్యాదు ఉంది, దేవుడి మీద ప్రేమా ఉంది. ఈ రెండూ ఒకే గుండెలో పడతాయి. మన తల్లుల గుండెల్లో ఎప్పుడూ పడుతూనే ఉన్నాయి.

ఇక మన కాలానికి వద్దాం. చీరాల దగ్గరి కారంచేడులో 1985 జూలై 16న మాదిగపల్లె తాగే చెరువులో మురికి కలుపుతుంటే ఒక దళిత యువకుడు ఇదేమని అడిగాడు. అడిగినందుకు కొట్టారు. నీళ్లకొచ్చిన ఆడమనిషి అడ్డం పోతే ఆమె మీదికీ వచ్చారు. ఆమె చేతిలో ఉన్న బిందె ఎత్తింది. ఆమె పేరు మున్నంగి సువార్త.

తెల్లారి జూలై 17న పెత్తందార్లు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆడపిల్లల మీద అత్యాచారాలు చేశారు. చనిపోయిన వాళ్లలో ఇద్దరి పేరు మోషే. ఫరో చేతికింద వెట్టి చేస్తున్న జనాన్ని బయటికి నడిపించినవాడి పేరు పెట్టుకున్న ఇద్దరు బిడ్డలు. బతికినవాళ్లు చీరాలకు పరుగెత్తారు. చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరం నుంచే ఉద్యమం లేచింది. ఆ సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది.

ఆ రోజు చర్చి గేటుకు తాళం వేసి ఉంటే ఏమయ్యేది? ఈ ప్రశ్న ప్రతి సంఘపెద్దా వేసుకోవాలి. ఆ ఆవరణలో అడుగుపెట్టకుండానే ఉద్యమం పుట్టిందా? ఈ ప్రశ్న గుడిని చూసి నవ్వే ప్రతి మిత్రుడూ వేసుకోవాలి. సువార్త అంటే మంచి కబురు. కారంచేడు చెరువు గట్టు మీద ఆ కబురు ఎత్తిన బిందె రూపంలో కనపడింది.

మన గుళ్లల్లో ఇంకో మాట ఉంది. సాక్ష్యం. ఆదివారం ఆరాధనలో ఒకామె లేచి నిలబడి, కొంగు భుజాన కప్పుకుని, తన ఇంట్లో జరిగింది నలుగురి ముందు చెప్తుంది. చదువు లేదు. మైకు ముందు నిలబడే అలవాటు లేదు. అయినా చెప్తుంది. నలుగురూ వింటారు. ఊళ్లో ఎవరూ ఆమె మాట వినని రోజుల్లో ఆమెకు మాట్లాడే చోటు దొరికింది అక్కడే.

ఇదే మాట కోర్టులో కూడా ఉంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి, గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. వాళ్లను ఊరి నడిబొడ్డున పూడ్చి ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నారు. ప్రత్యేక కోర్టు చుండూరులోనే పెట్టాలని పోరాడి సాధించారు. బెదిరింపులు వచ్చినా, డబ్బు ఆశ చూపినా సాక్షులు నిలబడ్డారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. అంటే 23 ఏళ్లు పట్టింది.

ఇన్నేళ్లు నిలబడటానికి ఏం కావాలి? లాయర్లు కావాలి, సంఘాలు కావాలి, పత్రికలు కావాలి. వాటితో పాటు, ఓడిపోయిన రాత్రి ఇంటికొచ్చి తెల్లారి మళ్లీ లేచే బలం కావాలి. ఆ బలం ఒక్కొక్కరికి ఒక్కోచోట దొరుకుతుంది. మా ఇళ్లల్లో చాలామందికి అది ప్రార్థనలో దొరికింది. దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు.

కానీ ప్రార్థన ఒక్కటే చాలని మేము చెప్పడం లేదు. ఈమధ్య మాకు తెలిసిన ఒక ఇంటి సంగతి చెప్తాం. ఊరి పేరు, మనిషి పేరు అక్కర్లేదు, మీ ఊళ్లోనూ ఉండే ఉంటారు. 2021-22లో మిరప చేల మీద నల్ల తామరపురుగు పడి పూతను తినేసింది. ఆమె భర్త కౌలుదారు. భూమి వేరేవాళ్లది, అప్పు తనది. పురుగును చంపాల్సిన మందు ఆయన తాగాడు. కౌలు కార్డు లేదు. కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి, యజమాని పెట్టలేదు. పిల్లలిద్దరూ బడి ఈడు వాళ్లు.

మొదటి ఆదివారం ఒక అయ్యగారు వచ్చి, ఇది దేవుని చిత్తమని ప్రార్థన చేసి వెళ్లారు. ఆమె ఆ మాటకు ఏడవలేదు. గోడ వంక చూస్తా కూర్చుంది. మూలన మందు డబ్బా ఇంకా అట్టాగే ఉంది. అది చూసింది అయ్యగారు కాదు. మాతోపాటు కూర్చున్న స్త్రీల సమాజం ముసలమ్మ చూసింది. ఏం మాట్లాడకుండా డబ్బా తీసుకెళ్లి పూడ్చిపెట్టింది. ఆ రాత్రి నుంచి నెలరోజులు, మిరప కోసొచ్చిన ఆడవాళ్లు వంతులు వేసుకుని ఆ ఇంట్లో పడుకున్నారు. ఒకరు పాట పాడేవాళ్లు, ఒకరు పిల్లలకు అన్నం పెట్టేవాళ్లు, ఒకరు ఊరికే పక్కన ఉండేవాళ్లు. ఆ తర్వాత కూలీ సంఘం కుర్రాళ్లొచ్చి కాగితాలు రాశారు. గుడి సంఘపెద్దలూ కూలీ సంఘం వాళ్లూ కలిసి ఆమెను వెంటబెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఎన్నిసార్లు తిరిగినా రేపు రమ్మనే అన్నారు. డబ్బు సంగతి ఇంకా తేలలేదు.

కానీ ఆమె బతికుంది. పిల్లలు బడికి వస్తున్నారు. ఇటీవల గుడిలో సాక్ష్యం చెప్పమంటే లేచి నిలబడి ఒకే మాట అంది: "నాకు దేవుడు కనపడలా. రాత్రిళ్లు నా పక్కన పడుకున్నోళ్లు కనపడ్డారు." అయ్యగారు కాస్త ఇబ్బందిపడ్డారు. మాకైతే అంతకంటే మంచి ప్రసంగం ఏ మంచి శుక్రవారమూ విన్నట్టు గుర్తులేదు.

తెలుగులో సంఘం అంటే రెండూ. గుడిలో కూడిన జనమూ సంఘమే, హక్కుల కోసం కూడిన జనమూ సంఘమే. మన భాష రెండింటినీ విడదీయలేదు. మనమే విడదీసుకున్నాం. ఆదివారం ఒక సంఘం, ఏప్రిల్ 14న ఇంకో సంఘం. ఇక్కడివాళ్లు అక్కడికి పోరు, అక్కడివాళ్లు ఇక్కడికి రారు. కష్టం మాత్రం రెండు చోట్లా ఉన్న ఒకే ఇంటి తలుపు తడుతోంది.

విడదీసే పని ప్రభుత్వమూ చేసింది. బడిపంతుళ్లుగా మేము ఏటా జూన్‌లో అడ్మిషన్ రిజిస్టరు రాస్తాం. పిల్ల పేరు రూతు, తండ్రి పేరు యోహాను, మతం గడిలో హిందూ. అట్టా రాయమనేది తండ్రే. ఎందుకో మాకు తెలుసు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదాకు మతం అడ్డుకట్ట అయింది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు ఆ కట్ట తీశారు. క్రైస్తవ దళితులకు తీయలేదు. కాగితం మీద మతం మారితే మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక్క శాతంలోకి పోవాలి. హోదా ఇవ్వాలని 2007లో రంగనాథ మిశ్రా కమిషన్ చెప్పింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసింది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాళ్లకు అట్రాసిటీ చట్టం రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది.

గుడికి పోతే అంటరానితనం పోతుందా? ఆ పిల్లను ఊళ్లో ఏ పేరుతో పిలుస్తున్నారో అడగండి. తిట్టేవాడు ముందు మతం అడిగి తిట్టడు. కొట్టేవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ చూసి ఆగడు. గూడెం గూడెంగానే ఉంది, కులం పేరు కులం పేరుగానే ఉంది. పోయిందల్లా రక్షణ ఒక్కటే. తన దేవుడి పేరు చెప్పుకోవాలా, తన హక్కు అడగాలా, రెంటిలో ఒకటి ఎంచుకోమని మన పిల్లల్ని బడి మెట్టు మీదే నిలబెడుతున్న అన్యాయం ఇది. గుడిలో సత్యం చెప్పమని, ఆఫీసులో దాచమని నేర్పుతూ పిల్లల్ని పెంచాల్సి రావడం కంటే శ్రమ ఏముంటది?

ఇంత చెప్పాక గుడి లోపలి సంగతీ చెప్పాలి. చెప్పకపోతే మాది కపటం అవుతుంది. మతం మారిన దళితుడికి కులం బాధ తప్పలేదని, క్రైస్తవ సమాజం దానిమీద పోరాడలేదని అంబేడ్కర్ ఆనాడే విమర్శించాడు. ఆ విమర్శ ఇంకా తీరలేదు. మాలల గుడి ఒకటి, మాదిగల గుడి ఒకటి ఉన్న ఊళ్లు ఎన్ని లేవు? బల్ల కాడ ఒకే రొట్టె తిని, పిల్లనివ్వాల్సి వచ్చినప్పుడు కులం అడిగేవాళ్లు ఎంతమంది లేరు? అగ్రకులాల క్రైస్తవులకు ఒక సమాధుల తోట, దళిత క్రైస్తవులకు మరో తోట ఉన్న చోట్ల పునరుత్థానం గురించి ఏ ముఖంతో ప్రసంగిస్తారు? కారెంపూడి మన పక్కనే ఉంది. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టించాడని, మాల కన్నమదాసును పక్కన కూర్చోబెట్టుకున్నాడని ఏటా చెప్పుకుని గర్వపడే నేల ఇది. చాప మీద కలిసి తిన్న నేల మీద, బల్ల కాడ కలిసి తిన్నవాళ్లు మట్టిలో కలిసి పడుకోలేరా?

నూనె సీసాలూ, చేతిరుమాళ్లూ అమ్మి, జబ్బు తగ్గుతుందని చెప్పి మందులు మాన్పించేవాళ్లూ మన మధ్య తిరుగుతున్నారు. మిరప కూలిలో దశమభాగం లెక్కకట్టి తీసుకుని, ఆ కూలీ ఆసుపత్రిలో ఉంటే తొంగిచూడనివాళ్లూ ఉన్నారు. వీళ్లు అమ్మేది ఆశ కాదు. ఆశ అమ్మితే వచ్చేది కాదు.

అందుకని ఈ శ్రమకాలంలో మనం చెయ్యాల్సినవి కొన్ని చెప్తున్నాం. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ఏడు మాటల ఆరాధనలో అయిదో మాట ఒక కూలీ తల్లి చేత చెప్పించండి. దాహం సంగతి ఆమెకంటే తెలిసినవాళ్లు లేరు.

ఆ రోజే మాలపల్లె, మాదిగపల్లె, రెండు సంఘాలు కలిసి సెంటర్లో చలివేంద్రం పెట్టండి. ఒకే కుండ, అందరికీ ఒకే గ్లాసు. ఎవరు తాగుతారో, ఎవరు తాగరో ఊరికే తెలిసిపోతుంది.

గుడిలో ఒక నోటుపుస్తకం పెట్టండి. కౌలు కార్డు లేనివాళ్లు, పింఛను రానివాళ్లు, శ్మశాన స్థలం లేని పల్లెలు, ఒంటరిగా మిగిలిన ఆడవాళ్లు, అందరి పేర్లూ రాయండి. ప్రార్థన చేసేటప్పుడు ఆ పేర్లు చదవండి. సోమవారం ఆ పుస్తకం పట్టుకుని ఆఫీసుకు పొండి. సంఘాల కార్యకర్తలారా, మీరూ వాళ్లతో నడవండి. ఆదివారం గుడి మెట్ల కాడికి రావడానికి సిగ్గుపడొద్దు. మీ అమ్మలు అక్కడే ఉన్నారు.

ఈస్టరు ముందు రోజు మన వాళ్లు సమాధులకు సున్నం కొడతారు. తెల్లారుజామున చీకటుండగానే కొవ్వొత్తులు పట్టుకుని, పాడుకుంటా తోటలోకి పోతారు. ఆ సున్నం పిడుగురాళ్ల బట్టీల్లో మన వాళ్లు కాల్చిందే. రాయిని కాల్చి సున్నం చేసే చేతులకు, చావు దగ్గర కూర్చుని కూడా తెల్లారుతుందని పాడటం ఎవరూ నేర్పక్కర్లేదు. పక్కన మనిషి ఉంటే చాలు. ఈసారి ఆ తోటలోకి పోయేటప్పుడు ఏ సమాధినీ వదలకండి. ఎవరూ లేనివాళ్ల సమాధికి ముందు సున్నం కొట్టండి.

జై భీమ్.